మనోవ్యాధుల లెక్కలు: షాంఘై నుంచి పశ్చిమ గోదావరి దాకా

2011 జులైలో మన పత్రికల్లో ఒక వార్త గుప్పుమంది. ప్రపంచంలోకెల్లా డిప్రెషన్ ఎక్కువగా ఉన్న దేశం భారతదేశమేనట, నూటికి 36 మంది దాని బారిన పడ్డారట. ఆ మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది.

దాని మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి నడిచిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేలు. 18 దేశాల్లో దాదాపు 89 వేల మందిని ఒకే ప్రశ్నావళితో పలకరించారు. మన దేశం తరఫున సర్వే జరిగింది పుదుచ్చేరిలో మాత్రమే. ముందుగా ప్రతి ఒక్కరినీ రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు: వరసగా చాలా రోజులపాటు దిగులుగా ఉందా, నిరుత్సాహం ఆవరించిందా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అని. జల్లెడ పట్టడం లాంటిదన్నమాట. దేనికో ఒకదానికి అవునన్న వాళ్ళనే తర్వాతి వివరాలు అడుగుతారు. పుదుచ్చేరిలో అలా అవునన్నది నూటికి 25 మంది. ఆ 25 మందిలో డిప్రెషన్ లక్షణాలు పూర్తిగా కనిపించినవాళ్ళు 36 శాతం. అంటే మొత్తం మీద నూటికి 9 మంది, అదీ జీవితకాలంలో ఎప్పుడో ఒకసారి. అదే పట్టికలో ఫ్రాన్స్ అంకె 21, అమెరికాది 19. మన దేశం పట్టికలో కింది వరసల్లో ఉంది. జల్లెడలో నిలిచినవాళ్ళ శాతాన్ని దేశం మొత్తానికి అంటగట్టడంతో కింద ఉన్న దేశం పైకెక్కి కూర్చుంది.

36 తప్పని తేలింది. మరి 9 నిజమా? మనోవ్యాధుల లెక్కల్లో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఈ సర్వేల తొలి ఫలితాలను హార్వర్డ్ పరిశోధకుడు రొనాల్డ్ కెస్లర్ బృందం 2004లో ప్రచురించింది. 14 దేశాలు, 60 వేల మందికి పైగా మనుషులు. గడిచిన ఏడాదిలో ఏదో ఒక మనోవ్యాధి ఉన్నవాళ్ళు అమెరికాలో నూటికి 26 మందికి పైనే. నైజీరియాలో 5 మందికి లోపు. షాంఘైలో 4.3. ఒక దేశానికీ మరో దేశానికీ ఆరు రెట్లు తేడా! రక్తపోటు, మధుమేహం కూడా దేశాన్ని బట్టి మారతాయి గానీ, వాటిని కొలవడానికి ఒక యంత్రమో, ఒక రక్తపరీక్షో ఉంది. మనసు విషయంలో మనిషి నోటితో చెప్పే మాటే సాక్ష్యం. ఇంటికొచ్చిన అపరిచితుడు కాగితాలు ముందు పెట్టుకుని "ఎప్పుడైనా బతుకు మీద విరక్తి కలిగిందా?" అని అడిగితే, ఎదుటి మనిషి ఏమంటాడన్నది అతని జబ్బు మీదే కాదు, అతని ఊరి అలవాటు మీద, ఆ వచ్చినవాడి మీద ఉన్న నమ్మకం మీద, పక్క గదిలో ఎవరున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మొదటి ప్రశ్నకు లేదన్నవాణ్ణి ఆ తర్వాత దాని గురించి అడగరు. అతని కష్టం లెక్కలోకి రాదు.

చైనా ఉదాహరణ చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. షాంఘైలో 4.3 శాతం తేలిన ఆ రోజుల్లోనే మైకేల్ ఫిలిప్స్ అనే మనోవైద్యుడు మరో నాలుగు ప్రావిన్సుల్లో పెద్ద సర్వే మొదలుపెట్టాడు. 2001 నుంచి 2005 దాకా 63 వేల మంది. ప్రశ్నలను అక్కడి జనం బాధలు చెప్పుకునే తీరుకు దగ్గరగా సవరించాడు. వడపోతలో నిలిచినవాళ్ళతో శిక్షణ పొందిన చైనా మనోవైద్యులే కూర్చుని మాట్లాడారు. 2009లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితం 17.5 శాతం. అదీ గడిచిన ఒక్క నెలలో! ఆ తర్వాత దేశమంతటా జరిపిన మరో సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం మతిమరుపు వ్యాధిని మినహాయిస్తే ఏడాది కాలానికి 9.3 శాతం. ఒకే దేశం, పదిహేనేళ్ళ వ్యవధి, మూడు అంకెలు. సర్వే చేసిన చోట్లు వేరు, కాలాలు వేరు, నిజమే. కానీ చైనీయుల మనసు ఇంత కొద్ది కాలంలో నాలుగు రెట్లు చెడి, మళ్ళీ సగం బాగుపడిందని ఎవరూ అనుకోరు. మారింది ముఖ్యంగా అడిగిన తీరు.

అడిగే తీరు ఎంత ముఖ్యమో అంతకుముందే ఆర్థర్ క్లైన్‌మన్ చూపించాడు. ఆయన అమెరికన్ మనోవైద్యుడు, మానవశాస్త్రవేత్త. 1980లో చైనాలోని హునాన్ వైద్య కళాశాలకు వెళ్ళేసరికి అక్కడ డిప్రెషన్ అన్న రోగనిర్ధారణ దాదాపు కనిపించలేదు. దాని చోట నరాల బలహీనత అనే జబ్బు వేలమందికి రాసిపెట్టి ఉంది. తలనొప్పి, నిద్రలేమి, కళ్ళు తిరగడం, ఒంట్లో శక్తి లేకపోవడం అన్నవి వాళ్ళు చెప్పుకునే బాధలు. అలాంటి 100 మందితో క్లైన్‌మన్ ఓపిగ్గా మాట్లాడాడు. తిండి, నిద్ర, ఆశ, అపరాధ భావన అన్నీ అడిగాడు. వాళ్ళలో 87 మందికి డిప్రెషన్ లక్షణాలన్నీ ఉన్నాయి. సాంస్కృతిక విప్లవం రోజుల్లో నానా అవస్థలూ పడిన మనుషులు వాళ్ళలో చాలామంది. మనసు బాగాలేదని చెప్పడం అంటే రాజకీయంగా అసంతృప్తి ఉందని ఒప్పుకోవడమే అయిన కాలం అది. తలనొప్పికి ఆ ప్రమాదం లేదు.

తెలుగు పాఠకుడికి ఇది పరాయి కథ అనిపించదు. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. దగ్గరకైనా, పట్నంలో జనరల్ ఫిజీషియన్ దగ్గరకైనా వచ్చే మనిషి డిప్రెషన్ అని చెప్పడు. నీరసంగా ఉందంటాడు, గుండె దడ అంటాడు, ఒళ్ళంతా మంటలంటాడు, నరాల బలహీనతకు బలం సూది వేయమంటాడు. సెలైన్ ఎక్కించుకుని, విటమిన్ మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్తాడు. ఇలాంటి మనిషి గుమ్మం ముందు సర్వే చేసేవాడు నిలబడి దిగులుగా ఉందా అని అడిగితే ఏం జవాబు వస్తుంది? వాళ్ళకు బాధ లేదని కాదు. దాన్ని చెప్పుకునే దారి వేరు.

అలాగని పేద దేశాల అంకెలన్నీ తక్కువ చూపిస్తాయి, ధనిక దేశాల అంకెలే ఖాయం అనుకున్నా పొరపాటే. జబ్బును గుర్తించే వైద్యుడి కన్ను కూడా దేశాన్ని బట్టి మారుతుంది. 1960లలో న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా రోగులు లండన్ ఆసుపత్రుల కంటే చాలా ఎక్కువగా కనిపించేవారు. లండన్‌లో మూడ్‌కు సంబంధించిన జబ్బులవాళ్ళు ఎక్కువ. అమెరికా మనుషులకూ బ్రిటన్ మనుషులకూ మెదడులో తేడా ఉందా అన్న అనుమానం తీర్చుకోవడానికి రెండు దేశాల పరిశోధకులు కలిసి పనిచేశారు. రోగులతో మాట్లాడిన వీడియోలను ఇరు దేశాల మనోవైద్యులకూ చూపించారు. ఒక రోగి విషయంలో అమెరికా వైద్యుల్లో 69 శాతం మంది స్కిజోఫ్రీనియా అన్నారు. అదే వీడియో చూసిన బ్రిటిష్ వైద్యుల్లో ఆ మాట అన్నది 2 శాతం! రెండు నగరాల రోగులనూ ఒకే కొలమానంతో పరీక్షించినప్పుడు తేడా దాదాపు కరిగిపోయింది. ప్రతి జబ్బుకూ ఫలానా లక్షణాలు, ఫలానా కాలం పాటు ఉండాలని రాతపూర్వకంగా నిర్ణయించిన అమెరికా నిర్ధారణ గ్రంథం 1980లో రావడానికి ఇలాంటి అనుభవాలే దారి వేశాయి.

వలస పాలన రోజుల్లో లెక్కలు ఇంతకంటే అన్యాయంగా ఉండేవి. నైరోబీలో పిచ్చాసుపత్రి నడిపిన జె.సి. కారోథర్స్ ఆఫ్రికన్లకు డిప్రెషన్ చాలా అరుదని తేల్చాడు. ఆసుపత్రిలో చేరినవాళ్ళనే లెక్కపెట్టి, దాని కారణాన్ని వాళ్ళ మెదడులోనే వెతికాడు. కుంగిపోయి ఇంట్లో మూలన పడుకున్న మనిషిని వలస ప్రభుత్వపు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఇంత చిన్న ప్రశ్న ఆయనకు తట్టకపోవడం బాధాకరం. ఈ మాటలున్న ఆయన పుస్తకాన్ని 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థే అచ్చువేసింది. దానికి జవాబు ఆఫ్రికా నుంచే వచ్చింది. నైజీరియా మనోవైద్యుడు థామస్ అడెఓయె లాంబో 1954లో అబెయోకుట దగ్గర అరో అనే చోట ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. రోగులు చుట్టుపక్కల పల్లెల్లో కుటుంబ సభ్యుల తోడుతో ఉంటూ వైద్యం పొందేవారు. తర్వాత ఆయన అమెరికా పరిశోధకులతో కలిసి యోరుబా పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి విచారించాడు. 1963లో వచ్చిన ఆ నివేదికలో డిప్రెషన్ లక్షణాలు కావలసినన్ని కనిపించాయి. లాంబో తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యాడు.

డిప్రెషన్, ఆందోళనల సంగతి ఇలా ఉంటే స్కిజోఫ్రీనియా కథ వేరు. లేని గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న గట్టి నమ్మకం, ఆలోచనల అల్లిక తెగిపోవడం దీని ప్రధాన లక్షణాలు. ఇవి బయటికి కనిపిస్తాయి కాబట్టి దాచడం కష్టం. 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో 1,202 మంది రోగులను ఒకే పద్ధతిలో పరీక్షించింది. లండన్, మాస్కో, వాషింగ్టన్, ప్రాగ్‌లతో పాటు మన ఆగ్రా కూడా అందులో ఉంది. అన్ని చోట్లా ఈ జబ్బు గుర్తుపట్టేంత ఒకే రూపంలో కనిపించింది. దాంతో స్కిజోఫ్రీనియా ప్రపంచమంతా ఒకే రేటులో, నూటికి ఒకరికి వస్తుందన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

ఆస్ట్రేలియా పరిశోధకుడు జాన్ మెక్‌గ్రాత్ వందకు పైగా అధ్యయనాలను కుప్పపోసి 2004లో ఈ మాటను కదిలించాడు. ఏటా లక్ష మందిలో కొత్తగా జబ్బు పడేవాళ్ళు మధ్యస్థంగా 15 మంది. కానీ కొన్ని చోట్ల ఎనిమిది, మరికొన్ని చోట్ల 43. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో ఎక్కువ, పల్లెల కంటే పట్నాల్లో ఎక్కువ, స్థానికుల కంటే వలస వచ్చినవాళ్ళలో ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం ఏ సమయంలోనైనా ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు దాదాపు 300 మందిలో ఒకరు.

ఈ వలస సంగతి కొంచెం ఆగి చూడాలి. 1932లోనే నార్వే వైద్యుడు ఓర్నుల్ఫ్ ఓడెగార్డ్ గమనించాడు: అమెరికాలోని మిన్నెసోటాకు వెళ్ళి స్థిరపడ్డ నార్వేవాళ్ళు, నార్వేలోనే ఉండిపోయినవాళ్ళ కంటే ఎక్కువగా ఈ జబ్బుతో ఆసుపత్రుల్లో చేరుతున్నారు. బలహీనమైన మనసులవాళ్ళే దేశం వదిలి వెళ్తారేమోనని ఆయన అనుకున్నాడు. ఆ వివరణ నిలవలేదు. ఇంగ్లండ్‌లో లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్ నగరాల్లో జరిపిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. కరీబియన్ మూలాలున్న నల్లజాతివాళ్ళలో స్కిజోఫ్రీనియా రేటు తెల్లవాళ్ళ కంటే తొమ్మిది రెట్లు తేలింది. వాళ్ళ పూర్వీకుల దీవులైన జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లలో చూస్తే ఆ రేటు అసాధారణంగా ఏమీ లేదు. అంటే జన్యువుల్లో దీని జవాబు దొరకదు. దక్షిణ లండన్‌లో మరో సంగతి తేలింది. తమలాంటివాళ్ళు ఎక్కువమంది ఉండే వీధుల్లో ఉన్న మైనారిటీలకు ఈ జబ్బు తక్కువ, చుట్టూ తమవాళ్ళు కరువైన చోట ఎక్కువ. ఒంటరితనం, వివక్ష, అనుక్షణం పరాయివాడిగా చూడబడటం మెదడు మీద గీతలు గీస్తాయన్న వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యాలు తక్కువ.

ఆగ్రా రోగుల దగ్గరకు మళ్ళీ వెళ్దాం. రెండేళ్ళ తర్వాత, అయిదేళ్ళ తర్వాత అదే మనుషులను వెతికి పట్టుకుని చూస్తే ఎవరూ ఊహించని ఫలితం వచ్చింది. ఆగ్రా, నైజీరియాలోని ఇబాదన్, కొలంబియాలోని కాలి నగరాల రోగులు లండన్, వాషింగ్టన్ రోగుల కంటే బాగా కోలుకున్నారు. తర్వాత చండీగఢ్‌ను కలుపుకుని పది దేశాల్లో చేసిన అధ్యయనంలోనూ అదే ధోరణి. కారణాల వేట మొదలైంది. చండీగఢ్‌లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్, లండన్ నుంచి మనోవైద్యుడు జూలియన్ లెఫ్ కలిసి రోగుల ఇళ్ళలో మాటల తీరును కొలిచారు. ఎత్తిపొడుపులు, చిరాకు, అతి జోక్యం ఉన్న కుటుంబాల్లో జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుందని అప్పటికే తెలుసు. చండీగఢ్ ఇళ్ళలో, ముఖ్యంగా పల్లెల్లో, అవి లండన్ ఇళ్ళ కంటే బాగా తక్కువగా కనిపించాయి. పొలం పనో, పశువుల పనో చేతనైనంత చేసుకునే వీలుండటం కూడా మేలు చేసి ఉంటుందని అనుకున్నారు.

ఇది విని మనం పొంగిపోవడానికి తొందరపడకూడదు. 2008లో పరిశోధకులు అలెక్స్ కోహెన్, విక్రమ్ పటేల్, చెన్నైకి చెందిన ఆర్. తారా, నైజీరియాకు చెందిన ఒయె గురెజె కలిసి పేద, మధ్యాదాయ దేశాల్లో జరిగిన 23 అధ్యయనాలను తిరగేశారు. ఫలితాలు ఊరికో రకంగా ఉన్నాయి. అకాల మరణాలు ఎక్కువ. వైద్యమే అందనివాళ్ళు ఎందరో. పెళ్ళి, ఉద్యోగం నిలబెట్టుకోవడంలో ఇబ్బందులు ఏమీ తక్కువ కావు. చెన్నై నగరంలోనే 1990లలో జరిగిన ఒక సర్వేలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఏనాడూ వైద్యుడి మొహం చూడలేదు. 2001 ఆగస్టులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక అక్కడే చనిపోయారు. కుటుంబ బంధాలే కాపాడతాయని చెప్పే ముందు ఆ గొలుసులను కూడా తలుచుకోవాలి.

జబ్బు ఒకటే అయినా దాని అనుభవం చోటును బట్టి మారుతుందనడానికి స్టాన్‌ఫర్డ్ మానవశాస్త్రవేత్త టాన్యా లర్మన్ చేసిన పని మంచి సాక్ష్యం. కాలిఫోర్నియాలోని సాన్ మటేయో, ఘానా రాజధాని అక్రా, మన చెన్నై. ఒక్కోచోట గొంతులు వినిపించే 20 మందితో ఆమె బృందం మాట్లాడింది. ఫలితాలు 2015లో వచ్చాయి. అమెరికన్లు తమకు వినిపించే గొంతులను పగబట్టిన అపరిచితుల దాడిగా వర్ణించారు, వాటిని పాడైన మెదడుకు గుర్తుగా చూశారు. అక్రాలో చాలామందికి వినిపించింది దేవుడి గొంతు. చెన్నైలో సగానికి పైగా మందికి అమ్మో, అత్తో, అన్నో, చనిపోయిన బంధువో మాట్లాడినట్టుంది. స్నానం చెయ్యి, వంట చెయ్యి, అని పురమాయించే గొంతులు. తిట్టేవీ ఉన్నాయి, కానీ ఇంటివాళ్ళు తిట్టినట్టే.

ఇక మన లెక్కలు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాల్లోని 34,802 మంది పెద్దవాళ్ళు పాల్గొన్నారు. సర్వే నాటికి ఏదో ఒక మనోవ్యాధి ఉన్నవాళ్ళు 10.6 శాతం. అస్సాంలో 5.8, మణిపూర్‌లో 14.1. మహానగరాల్లో దాదాపు 15. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

మరి 2019 చివర 'లాన్సెట్ సైకియాట్రీ'లో వచ్చిన అంచనా ఏం చెప్పింది? 2017లో దేశంలో 19.7 కోట్ల మందికి, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి మనోవ్యాధి ఉంది. డిప్రెషన్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తమిళనాడు, కేరళలతో పాటు రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. పదిలో ఒకరా, ఏడుగురిలో ఒకరా అన్న తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. నిమ్హాన్స్ అంకె పెద్దవాళ్ళది, అందులో మద్యం వ్యసనం కూడా కలిసి ఉంది. లాన్సెట్ అంకెలో వ్యసనాలు లేవు గానీ పిల్లల ఆటిజం, బుద్ధిమాంద్యం వంటివి ఉన్నాయి. లాన్సెట్ అంచనా గణిత నమూనాలతో కట్టింది కూడా. సర్వేలు ఉన్నచోట వాటిని వాడుకుని, లేనిచోట ఖాళీలను నమూనా నింపుతుంది. కాబట్టి తెలుగువాళ్ళకు దిగులు ఎక్కువని ఈ పట్టిక చూసి తీర్మానించడం 2011 నాటి పత్రికల తొందరపాటునే మళ్ళీ చేయడం అవుతుంది. ఇంటింటి సర్వే ఇక్కడ జరగాలి.

అంకెల్లో తేడాలు ఎన్ని ఉన్నా ఒక విషయంలో ప్రపంచమంతా ఏకమవుతుంది. మనోవ్యాధి ఏ దేశాన్నీ వదల్లేదు. 2019లో ప్రపంచంలో 97 కోట్ల మందికి, ఎనిమిదిమందిలో ఒకరికి, ఏదో ఒక మనోవ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దేశాల మధ్య నిక్కచ్చిగా తెలిసే తేడా వైద్యంలో ఉంది. 21 దేశాల్లో డిప్రెషన్ ఉన్నవాళ్ళను పరిశీలించినప్పుడు కనీస స్థాయి వైద్యమైనా అందింది ధనిక దేశాల్లో అయిదుగురిలో ఒకరికి, పేద దేశాల్లో 27 మందిలో ఒకరికి. మన దేశంలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని నిమ్హాన్స్ సర్వే తేల్చింది. లక్ష జనాభాకు ఒక్క మనోవైద్యుడు కూడా లేని దేశంలో వైద్యుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే తరాలు గడిచిపోతాయి.

జింబాబ్వే వేరే దారి పట్టింది. హరారేలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్లలు వేయించి, శిక్షణ పొందిన పెద్దవయసు ఆడవాళ్ళను వాటి మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ మాట విని, వాళ్ళ సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని పరిష్కరించే దారి వాళ్ళతోనే వెతికించడం ఈ అమ్మమ్మల పని. 24 కేంద్రాల్లో శాస్త్రీయంగా పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే వీళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో దిగులు, ఆందోళన స్పష్టంగా తగ్గాయి.

మన దగ్గర అలాంటి ప్రయత్నం పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థకు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం 30 పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అయిదు వేల మందిని పలకరించారు. ట్యాబ్లెట్‌లోని ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి ఎవరిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలో తేలేది. కేంద్రంలోని డాక్టరుకు అదే సమాచారం అందేది, ఏ వైద్యం చేయాలో సూచనలతో సహా. దీంతో పాటు మనోవ్యాధి గురించి సిగ్గుపడనక్కర్లేదని ఊళ్ళో ప్రచారం చేశారు. అంతకుముందు అక్కడ ఈ బాధలతో వైద్యసేవలు వాడుకున్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు, 0.8 శాతం. కార్యక్రమం తర్వాత 12.6 శాతం. నూటికి ఇంకా 87 మంది మిగిలారు, నిజమే. కానీ ఈ పని చేసింది కొత్తగా తెచ్చిన నిపుణులు కాదు, ఆ ఊళ్ళో గర్భిణులకూ పసిపిల్లలకూ తోడుగా తిరిగే ఆశా కార్యకర్తలే. తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోని పల్లెల్లోనూ పెద్ద ఎత్తున పరీక్షించారు. ఏడాది తర్వాత డిప్రెషన్ తీవ్రత తగ్గినట్టు 2024లో ఫలితాలు వచ్చాయి. ఇక ఫోన్‌లోనే సాయం కోరాలనుకునేవాళ్ళకు, 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ ఫోన్ సేవ తెలుగులోనూ ఉంది. నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.